ఒక చెవి కనిపించింది: నైరోబీలో మా తొమ్మిది రోజులు

కెన్యా రాజధాని నైరోబీ వెళ్తున్నామని చెప్పగానే మా వీధిలో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: “మసాయి మారా చూడటానికా?” కాదు, నైరోబీకే అంటే ఎవరూ నమ్మలేదు. ఆ ఊళ్ళో దిగే యాత్రికుల్లో చాలామంది ఒక రాత్రి పడుకుని, తెల్లారగానే జీపెక్కి మారా అభయారణ్యానికి వెళ్ళిపోతారు. మేము మాత్రం తొమ్మిది రోజులూ ఊరు దాటలేదు. కారణాలు రెండు. ఒకటి డబ్బు. రెండోది నా భార్య నడుము. ఐదారు గంటల జీపు ప్రయాణానికి అది ఒప్పుకోదు. “అడవి ఊళ్ళోనే ఉందక్కా, రోడ్డు ఖాళీగా ఉంటే ఇంటి నుంచి అరగంట” అని మా బావమరిది ఫోనులో చెప్పాక ఇక ఆలోచించలేదు. అతను పదకొండేళ్ళుగా అక్కడ ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు.

నేను రైల్వేలో 36 ఏళ్ళు పట్టాల పని చూసి 2022లో గుంతకల్లులో రిటైరయ్యాను. ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. జంతువుల కోసం వెళ్ళిన ఊళ్ళో నా కళ్ళు సగం సేపు పట్టాల మీదే ఉన్నాయని నా భార్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని టికెట్లు కొనడం అనుకున్నాను. కాదు, ఏనుగులు. నైరోబీలో షెల్డ్రిక్ ట్రస్టు నడిపే అనాథ ఏనుగు పిల్లల శాల ఉంది. జనాన్ని రోజుకు ఒక్క గంటే, 11 నుంచి 12 వరకు రానిస్తారు. ముందుగా పేరు నమోదు చేసుకోకుండా వెళితే గేటు దగ్గరి నుంచే వెనక్కి రావాలి. బావమరిది డిసెంబరు 9న చూస్తే ఫిబ్రవరి మొదటి సగంలో మా ఇద్దరికీ చోటు దొరికింది 13వ తేదీన మాత్రమే. ఆ తేదీని మధ్యలో పెట్టుకుని విమానం టికెట్లు కొన్నాం. ముంబయి నుంచి రానూ పోనూ మనిషికి 43 వేలు పడింది.

తర్వాతది పచ్చజ్వరం టీకా. ఇక్కడ చాలామంది పొరబడతారు. మన దేశం నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళను కెన్యా వాళ్ళు ఈ టీకా పత్రం అడగరు. తిరిగి వచ్చేటప్పుడు మనవాళ్ళు అడుగుతారు. లేకపోతే ఆరు రోజులు విడిగా ఉంచుతారు. సూది వేయించుకున్న పది రోజులకు గానీ ఆ పత్రం చెల్లదు. జనవరి 7న హైదరాబాదు వెళ్ళి, నారాయణగూడలోని ఐపీఎం అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో వేయించుకున్నాం. ఖర్చు ఇద్దరికీ కలిపి వెయ్యి రూపాయల లోపే. అయితే అరవై దాటినవాళ్ళకు ఈ టీకాతో అరుదుగా ప్రమాదం ఉంటుందనీ, ముందు సొంత డాక్టరును అడగాలనీ నాకు అప్పటివరకు తెలియదు. నాకు 62. మా డాక్టరు పాత కాగితాలన్నీ తిరగేసి, గుడ్డు పడుతుందా, ఇంకే మందులు వాడుతున్నావు అని అరగంట ప్రశ్నలడిగి సరేనన్నారు. సూది పడిన నాలుగో రోజు ఒళ్ళు వెచ్చబడితే ఆ రాత్రంతా నిద్ర లేదు. ఒళ్ళు వెచ్చబడినందుకు కాదు, డాక్టరు అడిగిన ప్రశ్నలు గుర్తొచ్చి. తెల్లారేసరికి తగ్గిపోయింది.

2024 జనవరి నుంచి కెన్యాకు వీసా లేదు. ఈ మాట విని ఏమీ అక్కర్లేదనుకోకండి. దాని బదులు ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. రుసుము 30 డాలర్లకు కాస్త పైన. జనవరి 20 సాయంత్రం దరఖాస్తు పెట్టాం. నా ఫొటోను ఆ వెబ్‌సైటు రెండుసార్లు తిప్పికొట్టింది. వెనక గోడకు నీలం రంగు ఉందట. బావమరిది పంపిన ఆహ్వానపత్రం, రానూ పోనూ టికెట్లు జతచేశాం. 23న అనుమతి వచ్చింది.

ఇక ఆవకాయ సంగతి. మా ఆవిడ తమ్ముడి కోసం ఆవకాయ, గోంగూర, నువ్వుల పొడి అన్నీ ప్లాస్టిక్ కవర్లలో మూడు పొరలుగా కట్టి సిద్ధం చేసింది. బయలుదేరే ముందురోజు అతను ఫోను చేసి, “అక్కా, ఇక్కడ 2017 నుంచి ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం. విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు” అన్నాడు. రాత్రి పదకొండింటికి అన్నీ స్టీలు డబ్బాల్లోకి మార్చి, మూతల మీద పాత చీర ముక్కలు బిగించాం. సామాను బరువు మూడు కిలోలు పెరిగింది. తీరా అక్కడ దిగాక కస్టమ్స్ అధికారి ఒక డబ్బా చూపించి ఏమిటిది అన్నాడు. “మామిడి పచ్చడి” అని మా ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. “అచారి!” అని నవ్వి వదిలేశాడు. హిందీ అచార్‌ను స్వాహిలీలో అచారి అంటారట. చపాతీ, చాయ్, కచుంబరి కూడా అక్కడ వాళ్ళ సొంత మాటలే. డబ్బును పెసా అంటారు.

ఫిబ్రవరి 8 రాత్రి దిగాం. ముంబయి నుంచి ఆరు గంటలు. గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి. విమానాశ్రయం బయట చలి! ఆఫ్రికా అంటే ఎండ అనుకుని స్వెటర్లు తేలేదు. ఊరు సముద్ర మట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉందని చదివిన మనిషినే, అయినా బుర్రకెక్కలేదు. పార్క్‌లాండ్స్‌లోని బావమరిది ఇంటికి చేరి రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం.

మర్నాడు ఆదివారం పాస్‌పోర్టు చూపించి సిమ్ కార్డు, దానితో పాటు ఎం-పెసా తీసుకున్నాను. ఫోనులో డబ్బు పంపే ఈ పద్ధతి అక్కడ 2007లోనే వచ్చింది, మన ఫోన్‌పేల కంటే చాలా ముందు. మామూలు మీటల ఫోనులోనూ పనిచేస్తుంది. చాలాచోట్ల నోటు ఇస్తే వింతగా చూస్తారు. రూపాయికి దాదాపు ఒకటిన్నర షిల్లింగు కాబట్టి ధర చూసినప్పుడల్లా మూడో వంతు తీసేసుకుంటే సరిపోయేది.

సాయంత్రం కరూరా అడవికి వెళ్ళాం. ఊరి నడిబొడ్డున వెయ్యి హెక్టార్ల అడవి. 1990ల చివర్లో దీన్ని ముక్కలు చేసి ఇళ్ళ స్థలాలుగా పంచబోతే పర్యావరణ ఉద్యమకారిణి వంగారి మాథాయి మనుషులను వెంటబెట్టుకుని వచ్చి, దెబ్బలు తిని మరీ అడ్డుకున్నారు. ఇప్పుడు అక్కడ పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, ముసలివాళ్ళు కుక్కలతో నడుస్తున్నారు, కోతులు అందరినీ గమనిస్తున్నాయి. మా ఆవిడ నడుము నొప్పి మరిచిపోయి జలపాతం దాకా నడిచింది. ఆ రాత్రి దానికి ఫలితం అనుభవించింది.

సోమవారం నా రోజు. రైల్వే మ్యూజియం.

నైరోబీ పుట్టిందే రైలు వల్ల. 1899లో మొంబాసా నుంచి పట్టాలు వేసుకుంటూ వచ్చినవాళ్ళు ఘాటు ఎక్కే ముందు ఇక్కడ డిపో పెట్టుకున్నారు. అంతకు ముందు ఇది మసాయి తెగవాళ్ళ పశువులు నీళ్ళు తాగే చిత్తడి నేల. నైరోబీ అంటేనే చల్లని నీళ్ళట. ఆ దారి మన దేశం నుంచి తీసుకెళ్ళిన సుమారు 32,000 మంది కూలీలు వేసింది, ఎక్కువగా పంజాబు నుంచి. రెండున్నర వేల మందికి దగ్గరగా అక్కడే చనిపోయారు. మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య మీటరు దూరం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గుంతకల్లులో ఉన్నదీ అదే గేజ్. మ్యూజియం వెనక గడ్డిలో పడి ఉన్న పట్టాల మధ్య అలవాటుగా అడుగు వేశాను. కాలు తనంతట తాను కొలిచింది. మౌంట్ గెలై అనే 5918 నంబరు గారట్ రకం ఆవిరి ఇంజను ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా ఆవిడ చెట్టు కింద బల్ల మీద కూర్చుని బావమరిది భార్యతో ఊరి కబుర్లన్నీ పూర్తి చేసింది.

ఒక రైలు పెట్టె దగ్గరికి మాత్రం ఆమెను కూడా లాక్కెళ్ళాను. 1900లో కీమా స్టేషను దగ్గర మనుషులను తింటున్న సింహాన్ని చంపడానికి రయల్ అనే పోలీసు అధికారి రాత్రి ఈ పెట్టెలోనే కాపు కాశాడు. కునుకు పట్టింది. సింహమే లోపలికి వచ్చి అతన్ని లాక్కుపోయింది. మేమూ లైను తనిఖీలకు వెళ్ళి ఇలాంటి పెట్టెల్లోనే పడుకునేవాళ్ళం. తలుపు గొళ్ళెం పడకపోతే ఒక ఇటుక అడ్డం పెట్టేవాళ్ళం. కిటికీ వెడల్పు చూసి వెన్ను జలదరించింది. “ఇన్నేళ్ళూ లైను మీద పడుకున్నానన్నది ఇలాంటి దాంట్లోనా?” అని మా ఆవిడ అడిగింది. గొళ్ళెం సంగతి చెప్పలేదు.

మధ్యాహ్నం మోయ్ అవెన్యూ వైపు నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్ళాం, ఎండ తప్పించుకోవడానికి. కింది అంతస్తు నిండా జోసెఫ్ మురుంబి సేకరించిన కొయ్య బొమ్మలు, నగలు, బట్టలు. ఆయన 1966లో కొన్ని నెలలు కెన్యా ఉపాధ్యక్షుడుగా ఉన్నారు. తల్లి మసాయి, తండ్రి గోవా వ్యాపారి. చదువుకోవడానికి ఆయన్ను మన దేశం పంపారు. ఎక్కడికో తర్వాత చదివాను: బెంగళూరు, బళ్ళారి. బళ్ళారి మాకు రైలులో గంట ప్రయాణం! ఆ కుర్రవాడు 1920లలో మా గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద ఎప్పుడైనా దిగాడా అని ఆ రాత్రంతా ఊహించుకున్నాను. ఋజువేమీ లేదు, నా సరదా అంతే.

ఆ రాత్రే గుండె ఆగినంత పనయింది. మర్నాడు నేషనల్ పార్కుకు వ్యాను మాట్లాడుకున్నాం. డ్రైవరు నుంచి స్వాహిలీలో సందేశం వస్తే ఫోనుతో అనువాదం చేయించాను. “ఉదయం 12 గంటలకు వస్తాను” అని ఉంది. పన్నెండింటికి వస్తే ఇక ఏ జంతువు కనిపిస్తుంది? ఫోను చేసి గొడవ పెట్టుకోబోతుంటే బావమరిది ఆపాడు. “బావగారూ, అది ఆరు గంటలు. వీళ్ళకు రోజు పొద్దున ఆరింటికి మొదలవుతుంది. ఏడైతే ఒకటి, సా మోజా అంటారు. ఎనిమిదైతే రెండు.” భూమధ్యరేఖ పక్కనే కాబట్టి అక్కడ ఏడాది పొడవునా సూర్యుడు దాదాపు ఒకే వేళకు వస్తాడు, ఆ లెక్క కుదురుతుంది. “ఇందులో వింతేముంది? మన పంచాంగంలో ఘడియలు సూర్యోదయం నుంచే కదా లెక్క పెట్టేది” అంది మా ఆవిడ, వత్తులు చేసుకుంటూ.

11వ తేదీ మంగళవారం సరిగ్గా వాళ్ళ పన్నెండింటికి వ్యాను వచ్చింది. సగం రోజుకు 12,000 షిల్లింగులు. పార్కు ప్రవేశం మేం వెళ్ళిన 2025 ఫిబ్రవరిలో మనిషికి 43 డాలర్లు ఉండేది. అది ముందే ఆన్‌లైనులో కట్టాలి, గేటు దగ్గర నగదు తీసుకోరు. వెళ్ళే ముందు ప్రస్తుత ధర తప్పక చూసుకోండి. గేటు దగ్గర నా చేతిలోని ప్లాస్టిక్ నీళ్ళ సీసాను గార్డు మర్యాదగా తీసి పక్కన పెట్టేశాడు. 2020 నుంచి రక్షిత అడవుల్లోకి వాడి పారేసే ప్లాస్టిక్‌ను రానివ్వరు. మా ఆవిడ స్టీలు చెంబు, స్టీలు డబ్బా మాత్రం దర్జాగా లోపలికి వచ్చాయి.

పార్కు 117 చదరపు కిలోమీటర్లు, 1946 నాటిది. మూడు వైపులా కంచె, దక్షిణాన ఏటి అవతలి మైదానాల వైపు మాత్రం తెరిచి ఉంటుంది. లోపలికి వెళ్ళిన పావుగంటకే జిరాఫీలు. వాటి మెడల వెనక, మంచులో, ఊరి పెద్ద పెద్ద భవనాలు. ఈ బొమ్మ ఎన్నోసార్లు చూసిందే. ఎవరో రెండు ఫొటోలు అతికించారేమో అనుకునేవాణ్ణి. కళ్ళెదుట చూసినా అలాగే అనిపించింది. తల మీద నుంచి చిన్న విమానాలు దిగుతున్నాయి, జిరాఫీ ఒక్కటీ తల ఎత్తదు. చారల గుర్రాలు, నిప్పుకోళ్ళు, అడవి దున్నలు, కొంగోనీ అనే పొడుగు మొహం దుప్పులు వరసగా కనిపించాయి. నల్ల ఖడ్గమృగాలు మరీ దగ్గరగా కాకపోయినా నాలుగు. వాటిని చూడటం మహా కష్టమని భయపెట్టారు గానీ ఈ పార్కులో సింహం కంటే అవే సులువు. ఏనుగు మాత్రం ఉండదు, వాటికి ఈ చోటు చాలదు.

సింహం కోసమే కదా అందరూ వచ్చేది. ఎనిమిదింటికి డ్రైవరుకు ఫోను వచ్చింది. ఒక పొద దగ్గర ఆడసింహం పడుకుని ఉందట. వెళితే అప్పటికే నాలుగు బళ్ళున్నాయి. ఇంజన్లు ఆపేసి కూర్చున్నాం. బండి దిగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. గడ్డి, ముళ్ళ పొద, నీడ. అంతే. అరగంట గడిచింది. ముందు బండివాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోయారు. గంట. నా మోకాళ్ళు పట్టేశాయి. డ్రైవరు వేలు చూపించిన చోటనే చూపు నిలిపితే గడ్డిలో గోధుమ రంగు ముక్క ఒకటి కదిలినట్టయింది. చెవి.

అక్కడికి కొంత దూరంలోనే కొత్త రైలు వంతెన ఉంది. పార్కుకు అడ్డంగా ఆరు కిలోమీటర్లు, సన్నని ఎత్తైన స్తంభాల మీద. కింద నుంచి జిరాఫీలు పోవడానికని అంత ఎత్తు. పెట్టవద్దని పెద్ద గొడవలే జరిగాయి, అయినా 2019లో దాని మీద రైళ్ళు మొదలయ్యాయి. పట్టాల మనిషిగా నాకు ముచ్చటేసింది. అడవిలో ఇది ఎందుకని కూడా అనిపించింది. రెండూ నిజమే. మేం కాపు కాస్తుండగా దాని మీద గూడ్సు ఒకటి వెళ్ళింది. కళ్ళు మూసుకుని పెట్టెలు లెక్కపెట్టబోయాను, పాత అలవాటు. అది వెళ్తున్నంతసేపూ ఆ చెవి కదల్లేదు. ఆ తర్వాత మా ఆవిడ ఆకలేసి, జంతికల డబ్బా మూత తీసింది. టక్కుమని చెవి మావైపు తిరిగింది. డ్రైవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వాడు.

గంటా నలభై నిమిషాల కాపుకు మాకు దక్కింది ఆ చెవి ఒక్కటే. నీటిగుర్రాల మడుగు దగ్గర మాత్రం దిగి నడవనిచ్చారు, తుపాకీ పట్టుకున్న గార్డు ముందు నడిచాడు. అక్కడ కనిపించినవి ముక్కురంధ్రాలు. “ఇవాళంతా ముక్కలు ముక్కలుగా చూపిస్తున్నాడు దేవుడు” అంది మా ఆవిడ.

బుధవారం మటాటు ఎక్కాలన్నాను. మటాటులంటే అక్కడి మినీ బస్సులు. ఒకప్పుడు మూడు పది సెంట్ల నాణేలకు ఎక్కించుకునేవారట. స్వాహిలీలో తాటు అంటే మూడు, ఆ పేరు అలా నిలిచింది. “పదకొండేళ్ళలో నేనే నాలుగుసార్లు ఎక్కలేదు బావగారూ” అని బావమరిది తల పట్టుకున్నాడు. చివరికి వాళ్ళ ఆఫీసులో పనిచేసే, ఊరి శివారు రొంగాయిలో ఉండే కుర్రవాణ్ణి తోడిచ్చాడు. రొంగాయి బళ్ళు 125, 126 నంబర్లవి. రైల్వే స్టేషను పక్కనే వాటి స్టేజి. ఈ దారి బళ్ళే ఊళ్ళో అన్నిటికంటే షోకుగా ఉంటాయని ఆ అబ్బాయి గర్వంగా చెప్పాడు. అలాంటి షోకు బండిని అక్కడి యువకుల షెంగ్ భాషలో న్‌గాన్యా అంటారు. షెంగ్ అంటే స్వాహిలీ, ఇంగ్లీషు, ఇంకా చాలా భాషలు కలిపి ఉడికించిన పులగం. ప్రభుత్వం 2004లో బళ్ళన్నిటికీ పసుపు గీత గీయించి రంగులు తీయించింది. పదేళ్ళ తర్వాత మళ్ళీ వదిలిపెట్టింది. కుర్రవాళ్ళు ఆ పదేళ్ళ బాకీ వడ్డీతో సహా తీర్చుకుంటున్నట్టున్నారు.

మేం ఎక్కిన బండి ఒంటి నిండా ఫుట్‌బాల్ ఆటగాళ్ళు, గాయకులు, మధ్యలో ఏసుప్రభువు. లోపల నల్లటి అద్దాలు, ఊదా దీపాలు, సీటుకొక తెర. పాట మొదలవగానే నా పక్కటెముకలు విడివిడిగా తెలిశాయి. కండక్టరు తలుపు పట్టుకుని సగం బయటే వేలాడుతూ, నన్ను చూసి “మ్‌జే, కరీబూ!” అని చెయ్యిచ్చి ఎక్కించాడు. మ్‌జే అంటే పెద్దాయన, కరీబూ అంటే రండి. మా ఆవిడను మామా అన్నాడు. ఆమె చెవులు మూసుకుని సైగ చేస్తే పాట తగ్గించాడు కూడా. సరిగ్గా రెండు నిమిషాలు. ఛార్జీ మధ్యాహ్నం వంద షిల్లింగులు, చేతులు మారుతూ ముందుకు వెళ్తాయి, చిల్లర అలాగే వెనక్కి వస్తుంది. ఎవరి చిల్లరా తప్పిపోలేదు.

లంగాటా రోడ్డు మీద బండి ఆగిపోయింది. ముందు కారు, వెనక కారు, ఎటు చూసినా కార్లే. అద్దం జరిపి చూస్తే పక్కన చెట్లు, చెట్ల వెనక కంచె. “అదే పార్కు” అన్నాడు కుర్రవాడు. నిన్న నలభై మూడేసి డాలర్లు కట్టి కంచె లోపల చప్పుడు చేయకుండా కూర్చున్నాం. ఇవాళ వంద షిల్లింగులకు కంచె ఇవతల, పెళ్ళి బ్యాండు పెట్టెలో కూర్చున్నట్టు కూర్చున్నాం. నిన్న తల మీద నుంచి విమానాలు పోతున్నా జిరాఫీలు ఎందుకు తల ఎత్తలేదో అప్పుడు అర్థమైంది. వాటికి ఇది ఎప్పుడూ ఉండే మోతే. “సింహాలు బయటికి వస్తాయా?” అని అడిగాను. వస్తాయన్నాడు. మా వైపు మేకలను ఎత్తుకుపోయిన సంగతులు మా అమ్మ చెబుతుంది అన్నాడు, మనం కోతులు అరటిపళ్ళు ఎత్తుకుపోయాయన్నంత మామూలుగా.

తిరిగి రావడం మాత్రం తేలిగ్గా జరగలేదు. సాయంత్రం రద్దీకి వంద కాస్తా రెండు వందలయింది. ఎక్కడానికి యాభై నిమిషాలు నిలబడ్డాం, చేరడానికి రెండు గంటలు పట్టింది. నడుము నొప్పి ఉన్నవాళ్ళు మూడింటిలోపే వెనక్కి బయలుదేరండి. వరుసలో నిలబడి బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు తిన్నాం. నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్ది ఇచ్చింది ఆ అమ్మ. అచ్చం మన దగ్గరి మాదిరే. ఆమెకు కూడా ఎం-పెసాలోనే కట్టాను. ఫోను మోగాక నా పేరు చదివి, పలకలేక నవ్వింది.

13వ తేదీ. తొమ్మిదింటికి బయలుదేరాం, అయినా ట్రాఫిక్ వల్ల 10:50కి గాని చేరలేదు. రెండు నెలల ముందు పేరు రాయించుకున్నది పది నిమిషాల్లో జారిపోయేదే. న్యాయో స్టేడియం దగ్గరి కూడలిలో బండి ఆగినప్పుడు చెట్ల మీద మనిషి ఛాతీ ఎత్తు మారబూ కొంగలు, బట్టతలలతో, కింద హారన్లు మోగుతున్నా పెద్దమనుషుల్లా కూర్చుని ఉన్నాయి. ఇంకో రోజైతే ఫొటోలు తీసేవాణ్ణి. ఆ రోజు వాటి మీద కూడా కోపం వచ్చింది.

తాడు కట్టిన ఎర్రమట్టి మైదానం చుట్టూ జనం నిలబడ్డాం. దూరంగా పొదల్లో నుంచి బుల్లి ఏనుగులు వరసగా పరుగెత్తుకొచ్చాయి. చెవులు ఎగురుతున్నాయి, కాళ్ళు తడబడుతున్నాయి. పాలసీసాలు చూసిన పిల్లలు ఎక్కడైనా అంతే. ఆకుపచ్చ కోట్లు వేసుకున్న సంరక్షకులు ఒక్కో సీసా అందిస్తే తొండం చుట్టి గుటగుటా తాగేసి, రెండో సీసా కోసం పక్కవాడిని నెట్టేస్తున్నాయి. తర్వాత బురదలో దొర్లాట. చిన్నవాటి జట్టు వెళ్ళాక పెద్దవాటి జట్టు వచ్చింది. సంరక్షకుడొకాయన ఒక్కోదాని పేరు, ఎక్కడ దొరికిందో చెబుతూ వచ్చాడు. ఒకటి బావిలో పడింది. ఒకదాని తల్లిని దంతాల కోసం చంపారు. ఇంకోదాని తల్లి కరువులో పోయింది. మూడు గంటలకొకసారి పాలు పట్టాలి, రాత్రిళ్ళు కూడా. మనిషి వాటి పక్కనే పడుకుంటాడు. కానీ ఒకే మనిషి రోజూ పడుకోడు, మార్చి మార్చి పడుకుంటారు. ఎందుకని మా ఆవిడ అడిగింది. ఒక్కరికే అలవాటు పడితే, ఆ ఒక్కరు సెలవు పెట్టిన రోజు అది బెంగతో తిండి మానేస్తుందట.

మా ఆవిడ ఆ తర్వాత ఏమీ అడగలేదు. పుట్టిన పదో రోజు పోయిన మా మొదటి బిడ్డ గురించి మేం ముప్పయి ఏళ్ళుగా మాట్లాడుకోము. ఆ రోజూ మాట్లాడుకోలేదు. బండిలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇంటికి వెళ్ళాక బావమరిదిని కూర్చోబెట్టుకుని, ఈ పిల్లలు పెద్దయ్యాక ఏమవుతాయి, ఎక్కడికి పంపుతారు అని అడిగింది. సావో అడవిలోకి, మెల్లగా అడవి ఏనుగుల్లో కలిసేదాకా సంరక్షకులు వెంట ఉంటారని అతను చెప్పాక అన్నం తింది.

శుక్రవారం జిరాఫీ సెంటరు: 1,500 షిల్లింగులు, అరచేతిలో దాణా, మూరెడు నల్లటి నాలుక, గరుకు. చిన్నపిల్లలుంటే వెళ్ళండి. పార్కులో జిరాఫీలను చూసొచ్చిన మాకు పెద్దగా ఆనలేదు. శనివారం మసాయి మార్కెట్టులో ఒక పూసల పళ్ళేనికి 3,000 చెప్పాడు. నేను 800 అన్నాను. 1,200కు కుదిరింది. పక్క దుకాణంలో అదే పళ్ళెం 900కు అమ్ముతుంటే చూసి, ఆ సంగతి మా ఆవిడకు చెప్పలేదు.

ఖర్చు అడిగేవాళ్ళ కోసం: టికెట్లు, టీకా, ప్రవేశాలు, బళ్ళు, అన్నీ కలిపి ఇద్దరికీ లక్షా అరవై వేలకు కాస్త అటూ ఇటూగా అయింది. బస, భోజనం బావమరిది ఇంట్లో. హోటలైతే లెక్క వేరు.

16 రాత్రి బయలుదేరి 17 పొద్దున ముంబయిలో దిగాం. ఆరోగ్య శాఖ బల్ల దగ్గర పసుపు పచ్చ కార్డులు చూపిస్తే, తేదీ చూసి, ముద్ర చూసి పంపేశారు. అర నిమిషం. మా ముందున్న కుర్రవాడికి టీకా వేయించుకుని ఎనిమిది రోజులే అయిందట. అతన్ని పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. మేం వెళ్ళేసరికి అతను ఇంకా ఫోనులో ఎవరినో బతిమాలుకుంటున్నాడు.

గుంతకల్లు చేరిన మూడో రోజు డ్రైవరు ఒక ఫొటో పంపాడు. అదే పొద. దాని ముందు, బళ్ళ దారి మధ్యలో, రెండు ఆడసింహాలు, నాలుగు కూనలు బారుగా పడుకుని ఉన్నాయి. కింద స్వాహిలీలో ఒక ముక్క: ఇవాళ పొద్దున, సా మోజా.

ఫోను అనువాదం కోసం నేను కళ్ళజోడు వెతుక్కుంటుంటే, వంటింట్లో నుంచి మా ఆవిడ అంది: “ఏడు గంటలకు.”